కాలిన కప్పు, కాలని నేర్పు

పారిస్ నగరం నడుమ ప్రవహించే సేన్ నది ఒకచోట రెండు పాయలుగా చీలి, కొంతదూరం సాగి మళ్ళీ ఏకమవుతుంది. ఆ పాయల మధ్యనున్న లంక పేరు సితే. మన గోదావరి లంకలను చూచిన కళ్ళకు అది చాలా చిన్నదిగా కనబడుతుంది గాని, పారిస్ చరిత్రలో దాని స్థానం చాలా పెద్దది. రాజప్రాసాదం, న్యాయస్థానం, ఆసుపత్రి, దేవాలయం – ఒక నగరానికి కావలసినవన్నీ ఈ లంక మీదనే వెలిశాయి. దాని తూర్పు కొసన నిలిచి ఉన్నదే నోత్రదామ్ కథెడ్రల్. మరియమాతకు అంకితమైన కతోలిక మహాదేవాలయమిది. పారిస్ అగ్రపీఠాధిపతి పీఠం ఇక్కడే ఉన్నది.

దేవాలయం ముందున్న విశాలమైన ఆవరణలో రాతిపలకల మధ్య ఒక కంచు బిళ్ళ పొదిగి ఉంటుంది. పారిస్ నుండి ఫ్రాన్స్‌లోని ఇతర పట్టణాలకు గల దూరాలను ఇక్కడి నుండే కొలుస్తారు. నాగపూరులోని జీరో మైలు రాయిని చూచినవారికి ఈ బిళ్ళ ప్రాముఖ్యం సులభంగానే అర్థమవుతుంది. ఒక దేశం తన దూరాలన్నింటినీ ఒక గుడి గుమ్మం నుండి లెక్కించుకున్నదంటే, ఆ గుడి ఒక మతానికి మాత్రమే చెందినది కాదని తెలుస్తూనే ఉన్నది.

2025 అక్టోబరులో, ఉద్యోగరీత్యా అక్కడ నివసిస్తున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, నేనూ మా శ్రీమతీ ఈ దేవాలయాన్ని దర్శించాము. ముప్ఫై సంవత్సరాలకు పైగా మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసినవాడిని గనుక, అందరూ విగ్రహాలను, రంగుటద్దాల కిటికీలను చూస్తూ ఉంటే నా చూపు మాత్రం కప్పు మీదికి పోయింది. 2019 ఏప్రిల్ 15న ఆ కప్పు కాలిపోతుండగా ప్రపంచమంతా టెలివిజన్ తెరలపై చూచింది. అయిదున్నర సంవత్సరాల అనంతరం, 2024 డిసెంబరు 7న, దేవాలయ ద్వారాలు మళ్ళీ తెరుచుకున్నాయి. ఈ రెండు తేదీల మధ్య జరిగిన పనిని గురించి మన సంస్థ కుటుంబ సభ్యులతో నాలుగు మాటలు పంచుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఎనిమిది శతాబ్దాల కట్టడం

1163లో మోరిస్ ద సుల్లీ అనే బిషప్పు కాలంలో ఈ దేవాలయ నిర్మాణం ఆరంభమైంది. పూర్తయ్యేసరికి పద్నాలుగవ శతాబ్దం మధ్యకు వచ్చింది. పునాదిరాయి వేసిన తరం వారెవ్వరూ పూర్తయిన దేవాలయాన్ని చూడలేదు. పొడవు సుమారు 128 మీటర్లు. పడమటి ముఖాన ఉన్న జంట బురుజుల ఎత్తు 69 మీటర్లు. లోపల నేల నుండి రాతి కప్పు వరకు 33 మీటర్లు. అంటే పది అంతస్తుల భవనమంత ఎత్తు.

కాలం ఈ కట్టడాన్ని ఎన్నో పరీక్షలకు గురిచేసింది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ముఖద్వారం పైనున్న రాతి విగ్రహాలను ఫ్రాన్స్ రాజులవిగా భావించి వాటి తలలు నరికివేశారు. నిజానికి అవి బైబిలులోని యూదా రాజుల విగ్రహాలు. 1977లో ఒక భవనం ఆవరణలో తవ్వుతుండగా వాటిలో 21 తలలు బయటపడ్డాయి. 1804 డిసెంబరు 2న నెపోలియన్ చక్రవర్తిగా కిరీటం ధరించినది ఈ దేవాలయంలోనే. అప్పటికే కట్టడం శిథిలావస్థలో ఉన్నది. 1831లో విక్టర్ హ్యూగో ప్రచురించిన నవల ప్రజల దృష్టిని దీనివైపు మళ్ళించింది. ఆ తరువాత 1844 నుండి ఇరవై సంవత్సరాల పాటు వియొలే ల ద్యుక్ అనే వాస్తుశిల్పి దీనికి జీర్ణోద్ధరణ గావించాడు. పదమూడవ శతాబ్దపు పాత శిఖరాన్ని శిథిలమైనదని పద్దెనిమిదవ శతాబ్దం చివరలో తొలగించారు. దాని స్థానంలో 1859లో సూదివలె పైకి లేచే కొత్త శిఖరాన్ని నిలిపినవాడు ఇతడే. నేల నుండి సుమారు 96 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరంలో దాదాపు 500 టన్నుల కలప, 250 టన్నుల సీసం ఉండేవి.

1905లో వచ్చిన చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లోని కథెడ్రళ్ళకు ప్రభుత్వమే యజమాని అయింది. పూజాదికాలు మతగురువుల చేతిలో ఉంటాయి; రాళ్ళు, దూలాలు, వాటి మరమ్మతులు ప్రభుత్వ బాధ్యత. మనవంటి ప్రభుత్వరంగ ఉద్యోగులకు ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుందని భావిస్తాను.

రాతి కప్పు మీద కలప అడవి

అగ్నిప్రమాదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా కట్టడం స్వరూపం తెలియాలి. ఈ దేవాలయానికి ఒకదానిపై ఒకటిగా రెండు కప్పులున్నాయి. లోపలి నుండి మనకు కనబడేది రాళ్ళతో కట్టిన కమాను కప్పు. దానిపైన, ఎవరికీ కనబడకుండా, ఓక్ దూలాలతో కట్టిన నిటారైన చట్రం. ఆ చట్రం మీద సీసపు రేకులు. వానను ఆపేది సీసం, సీసాన్ని మోసేది కలప. ఒకవేళ కలప అంటుకుంటే మంట కిందికి దిగకుండా ఆపేది రాయి. దూలాలు అంత దట్టంగా ఉండడం వల్ల ఆ అటకకు 'అడవి' అనే పేరు వచ్చింది. పన్నెండు, పదమూడవ శతాబ్దాలలో నరికిన చెట్ల కలప అది.

రాతి కమాను తన బరువుతో గోడలను ఎప్పుడూ బయటికి నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడును తట్టుకునేందుకు గోడల వెలుపల, రెక్కలు చాచినట్లు, ఊత కమానులు కట్టారు. పై కప్పు బరువు గోడలను కిందికి అదిమి పట్టి ఉంచుతుంది. ఇన్ని బలాలు ఒకదానితో ఒకటి రాజీపడి ఎనిమిది వందల సంవత్సరాలు నిలిచాయి. పై కప్పు ఒక్కటీ పోతే ఆ రాజీ చెడుతుంది.

ఆ సాయంత్రం

మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుండి అగ్నిమాపక సేవా వారోత్సవాలు జరుపుకుంటాము. 1944లో అదే రోజున బొంబాయి రేవులో నౌక పేలి, మంటలార్పుతూ ప్రాణాలర్పించిన సిబ్బందిని స్మరించుకోవడం మన ప్లాంట్లలో ఆనవాయితీ. 2019లో ఆ వారోత్సవాల రెండవ రోజునే పారిస్‌లో ఈ ఘోరం జరిగింది. అది పవిత్ర వారంలోని సోమవారం. లోపల సాయంత్రపు దివ్యబలిపూజ జరుగుతున్నది.

సాయంత్రం 6.20 ప్రాంతంలో మొదటి హెచ్చరిక మోగింది. భక్తులను బయటికి పంపించారు. పత్రికలలో వచ్చిన కథనాల ప్రకారం, హెచ్చరిక పలకపై కనబడిన సంకేతం స్పష్టంగా లేకపోవడంతో, కాపలాదారు పక్కనున్న చిన్న భవనపు అటకను చూచి రావడానికి వెళ్ళాడు. అక్కడ మంట లేదు. పొరపాటు గ్రహించి అసలైన అటకకు, మూడు వందలకు పైగా మెట్లెక్కి, చేరేసరికి దూలాలు భగభగ మండుతున్నాయి. అగ్నిమాపక దళానికి కబురు అందింది 6.51కి. అరగంట గడిచిపోయింది. ఎండిన ఓక్ కలపకు అరగంట చాలా ఎక్కువ సమయం.

7.50 ప్రాంతంలో శిఖరం విరిగి, రాతి కప్పును చీల్చుకుని దేవాలయం మధ్యలో పడింది. విమానాల నుండి నీరు గుమ్మరించవచ్చు కదా అని దూరాన ఉన్న పెద్దలు సలహా ఇచ్చారు. అంత బరువున నీరు పైనుండి పడితే మిగిలిన గోడలు కూడా కూలిపోతాయని అగ్నిమాపక నిపుణులు సమాధానం చెప్పారు. అప్పటికి మంట ఉత్తరపు బురుజుకు పాకింది. ఆ బురుజులో గంటలను మోస్తున్నది కూడా కలప చట్రమే. అది కాలిపోతే టన్నుల బరువున్న గంటలు కిందికి పడతాయి; వాటితో బురుజు కూలుతుంది; ఆ తరువాత రెండవ బురుజు, దేవాలయపు ముఖం, అన్నీ వరుసగా పోతాయి. తిరిగి వస్తారో రారో తెలియని స్థితిలో కొందరు అగ్నిమాపక సిబ్బంది ఆ బురుజులోకి ఎక్కారు. అక్కడే నిలబడి మంటను అడ్డుకున్నారు. దేవాలయం దక్కినది వారివల్లనే.

మొత్తం నాలుగు వందల మంది సిబ్బంది తెల్లవారుజాము వరకు శ్రమించారు. ఎవరి ప్రాణమూ పోలేదు. క్రీస్తు ధరించినదిగా భక్తులు విశ్వసించే ముళ్ళ కిరీటాన్ని ఆ మంటల నడుమనే బయటికి చేర్చారు. శిఖరం చుట్టూ ఉండే పదహారు రాగి విగ్రహాలను మరమ్మతు కోసం సరిగ్గా నాలుగు రోజుల ముందే క్రేనుతో కిందికి దించి ఉండడం మరొక అదృష్టం. మూడు గులాబీ కిటికీలూ మిగిలాయి. దాదాపు ఎనిమిది వేల గొట్టాలున్న మహా ఆర్గన్ వాద్యం కూడా మిగిలింది గాని, సీసపు ధూళి దాని గొంతులన్నింటిలో నిండిపోయింది.

ప్రమాదానికి కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. విద్యుత్ లోపం కావచ్చునని, సరిగా ఆర్పని సిగరెట్టు కావచ్చునని విచారణలో పరిశీలించారు. ఎవరో కావాలని చేసినట్లు మాత్రం ఆధారం దొరకలేదు.

కూలకుండా నిలబెట్టడమే రెండేళ్ళ పని

ఉదయానికి చూస్తే పై కప్పు పూర్తిగా పోయింది. రాతి కప్పుకు మూడుచోట్ల పెద్ద రంధ్రాలు పడ్డాయి. అయితే మిగిలిన రాతి కప్పు ఎనిమిది శతాబ్దాల కిందట తనకప్పగించిన పనిని నెరవేర్చింది. మండుతున్న దూలాలను చాలామేరకు పైననే ఆపింది. గర్భాలయపు కొసన బంగారు శిలువ చెక్కుచెదరలేదు. కూలిన రాళ్ళు కుప్పగా పడిన చోటికి అడుగు దూరంలో మరియమాత రాతి విగ్రహం నిలబడే ఉంది.

అయిదు సంవత్సరాలలో తిరిగి కడతామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ ప్రకటించారు. 2019 జూలైలో ప్రత్యేక చట్టం చేసి, ఈ ఒక్క పని కోసం ఒక ప్రభుత్వ సంస్థను నెలకొల్పారు. మాజీ సైనిక ప్రధానాధికారి జనరల్ జాన్ లూయీ జార్జెలాన్ దానికి అధిపతి. 2013 నుండి ఈ దేవాలయ బాధ్యతలు చూస్తున్న ఫిలిప్ విల్‌నవ్ ప్రధాన వాస్తుశిల్పి. 150 దేశాల నుండి 3,40,000 మంది దాతలు 84 కోట్ల 60 లక్షల యూరోల విరాళాలిచ్చారు. ఇంత ధనం రాళ్ళకు వచ్చిందే, మనుషుల ఆకలికి ఎందుకు రాదని ఫ్రాన్స్‌లోనే పలువురు ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సులభమైన సమాధానం లేదు.

ధనం ఉన్నంత మాత్రాన పని మొదలు కాలేదు. ముందుగా 28 ఊత కమానుల కింద, ఒక్కొక్కదాని వంపుకు సరిపడేటట్లు, కలప సెంట్రింగులు అమర్చారు. రాతి కప్పు కింద మనుషులు తిరగడం ప్రమాదం గనుక శిథిలాలను దూరం నుండి నడిపే యంత్రాలతో ఎత్తారు. ఎత్తిన ప్రతి రాయినీ, కాలిన ప్రతి దూలాన్నీ, ప్రతి ఇనుప మేకునూ పరిశోధకులు వేరుచేసి, గుర్తు వేసి భద్రపరిచారు. ఈ పరిశీలనలోనే ఒక కొత్త సంగతి బయటపడింది. పన్నెండవ శతాబ్దపు తాపీ మేస్త్రీలు రాళ్ళను కలిపి పట్టి ఉంచడానికి ఇనుప బద్దెలను విరివిగా వాడారని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంత ప్రాచీన కాలంలో రాతి కట్టడానికి ఇనుమును అంతగా వాడిన గోథిక్ దేవాలయం మరొకటి ఇంతవరకు తెలియదు.

అన్నింటికంటె భయంకరమైన సమస్య పరంజా. ప్రమాదానికి ముందు శిఖరం మరమ్మతుకై నిలిపిన పరంజా మంటలకు కరిగి, దాదాపు 40,000 ఇనుప గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, రాతి కప్పు మీద వాలి ఉన్నాయి. ఒక గొట్టం తప్పుగా కోస్తే మొత్తం కిందికి జారవచ్చు. తాళ్ళకు వేలాడుతూ పనివారు ఒక్కొక్క గొట్టాన్నే కోసి పైకి పంపారు. 2020 జూన్‌లో మొదలైన ఆ పని నవంబరు చివరకు గాని ముగియలేదు.

సీసం మరొక శత్రువు. కప్పు మీదిదీ శిఖరానిదీ కలిపి వందల టన్నుల సీసం కరిగి, దాని ధూళి నలుదిక్కులా వ్యాపించింది. పనివారి ఆరోగ్యం దృష్ట్యా 2019 వేసవిలో పనిని కొన్ని వారాలు నిలిపివేశారు. ఆ తరువాత లోపలికి వెళ్ళే ప్రతివారూ తమ దుస్తులన్నీ విడిచి, పనిబట్టలు ధరించి, వెలుపలికి వచ్చేటప్పుడు తలస్నానం చేసి తీరవలసిందే. అందులో జనరల్‌కూ, మంత్రులకూ కూడా మినహాయింపు లేదు. భద్రతా నియమాలు పనిని ఆలస్యం చేస్తాయని గొణిగే వారు మన మధ్యనూ ఉన్నారు. వారికి ఈ ఉదాహరణ చెప్పదగినది.

ఏ రూపంలో కట్టాలి?

ఇంతలో దేశమంతటా ఒక వాదం చెలరేగింది. శిఖరాన్ని పాత రూపంలోనే కట్టాలా, లేక ఈ కాలానికి తగిన కొత్త రూపం ఇవ్వాలా? కప్పు స్థానంలో గాజు మేడ కట్టాలని, మొక్కల తోట పెంచాలని, ఈతకొలను కూడా పెట్టవచ్చునని నమూనాలు వచ్చాయి. కలప బదులు ఉక్కో కాంక్రీటో వాడితే మళ్ళీ అగ్నిభయం ఉండదని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో కాలిన రీమ్స్ కథెడ్రల్‌కు కాంక్రీటు చట్రంతోనే కప్పు వేశారు.

2020 జూలై 9న జాతీయ వారసత్వ సంఘం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ప్రమాదానికి ముందు రోజు ఎట్లా ఉండేదో అట్లాగే, కలపతో, రాతితో, సీసంతో కట్టవలసినది. అధ్యక్షుడూ అంగీకరించారు.

తీర్పు చెప్పడం ఒక ఎత్తు. అమలు చేయడం మరొక ఎత్తు. కాలి బూడిదైన దూలాల చట్రం ఎట్లా ఉండేదో ఎవరికి తెలుసు? ఇక్కడే నాకు ఈ కథలోని అసలు మర్మం కనిపించింది. 2010లో ఆండ్రూ టాలన్ అనే ఆచార్యుడు లేజరు పరికరంతో దేవాలయం లోపలా వెలుపలా నూరు కోట్లకు పైగా బిందువులను కొలిచి పెట్టాడు. రెమీ ఫ్రోమాన్, సెడ్రిక్ ట్రాంతెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు అటక ఎక్కి, ఒక్కొక్క దూలాన్నీ కొలిచి, 2014 నాటికి సవివరమైన డ్రాయింగులు తయారుచేశారు. అప్పట్లో ఆ పని చేయమని వారిని తొందరపెట్టిన ప్రమాదమేదీ లేదు. టాలన్ 2018లోనే మరణించాడు. తన కొలతలు దేనికి ఉపకరించాయో ఆయన చూడలేదు. ఆ డ్రాయింగులే లేకపోతే 'ఉన్నది ఉన్నట్లుగా' అన్న తీర్పు కాగితం మీదనే మిగిలిపోయేది.

చేతులు మరచిపోని పని

కొలతలుంటే చాలదు, ఆ కొలతలను కలపగా మార్చగల చేతులు కావాలి. పచ్చి ఓక్ మానును రంపపు మిల్లుకు పంపకుండా, దాని ఈనె వెంబడి గొడ్డలితో చెక్కడం పూర్వపు పద్ధతి. మాను ఎటు వంగితే దూలమూ అటే వంగుతుంది. నార తెగదు గనుక బలం తగ్గదు. ఈ విద్యను సరదాగానో పట్టుదలగానో కాపాడుతూ వచ్చిన వడ్రంగులు ఫ్రాన్స్‌లో కొందరున్నారు. బుర్గుండీలోని గెదెలాన్ అనేచోట 1990ల చివర నుండి కేవలం పదమూడవ శతాబ్దపు పనిముట్లతో ఒక కోట కడుతున్నారు. ఈ కాలంలో ఇదేమి పని అని నవ్వినవారికి 2019 తరువాత సమాధానం దొరికింది. అక్కడ గొడ్డలి పట్టడం నేర్చినవారు నోత్రదామ్ దూలాలు చెక్కడానికి వచ్చారు. 2020 సెప్టెంబరులో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వడ్రంగులు పాత డ్రాయింగు ప్రకారం ఒక ట్రస్సును పూర్తిగా చేతులతోనే తయారుచేసి, దేవాలయం ముందే తాళ్ళతో పైకెత్తి చూపారు. సాధ్యం కాదన్న అనుమానాలు ఆ రోజుతో తగ్గాయి.

సుమారు 2,000 ఓక్ చెట్లు ఫ్రాన్స్ నలుమూలల అడవుల నుండి వచ్చాయి. శిఖరం అడుగుభాగానికి కావలసిన మహావృక్షాలు కొన్ని 2021 మార్చిలో బెర్సే అడవిలో నరికినవి. అంత పెద్ద చెట్లను నరకడం తగదని అభ్యంతరం చెప్పినవారూ ఉన్నారు. 250 సంస్థలు, కార్ఖానాలకు చెందిన సుమారు 2,000 మంది – రాతిపనివారు, వడ్రంగులు, సీసపు రేకుల పనివారు, అద్దాల పనివారు, చిత్రకారులు, క్రేను నడిపేవారు – ఈ పనిలో పాల్గొన్నారు. రాతి కప్పు రంధ్రాలను పూర్వపద్ధతిలోనే, కింద సెంట్రింగు నిలిపి, ఒక్కొక్క రాయినీ పేర్చి పూడ్చారు. లోపలి గోడలు, కప్పు కలిపి దాదాపు 42,000 చదరపు మీటర్ల రాతిని శుభ్రపరిచారు. రబ్బరు పాల వంటి లేపనాన్ని రాతికి పూసి, అది ఆరిన తరువాత పొరగా ఒలిస్తే శతాబ్దాల మసి దానితోపాటే ఊడివచ్చింది. ఆర్గన్ గొట్టాలన్నీ విప్పి, కడిగి, తిరిగి బిగించారు. పగలంతా సుత్తుల చప్పుడు గనుక, శ్రుతి చేసే పనిని నెలల తరబడి రాత్రివేళల నిశ్శబ్దంలో సాగించారు.

2023 ఆగస్టులో జనరల్ జార్జెలాన్ పర్వతారోహణలో ప్రమాదవశాత్తు మరణించారు. వడ్రంగులు ఆయన పేరును శిఖరపు కలపలో చెక్కారు. ఆయన వద్ద పనిచేసిన ఫిలిప్ జోస్త్ బాధ్యతలు స్వీకరించి, గడువు తప్పకుండా పని ముగించారు. ఆ సంవత్సరం డిసెంబరు 16న శిఖరాగ్రాన బంగారు పూత పూసిన కొత్త కోడిపుంజును నిలిపారు. దాని కడుపులో పవిత్ర అవశేషాలతోపాటు, పునర్నిర్మాణంలో పాలుపంచుకున్న దాదాపు రెండువేల మంది పేర్లు రాసిన పత్రం కూడా ఉంచారు. పన్నెండవ శతాబ్దపు పనివారి పేర్లు మనకు తెలియవు. ఈసారి ఆ లోటు లేదు.

నేటి దేవాలయం

2024 డిసెంబరు 7న అగ్రపీఠాధిపతి లోరాన్ ఉల్‌రిష్ మూసిన తలుపులను తన దండంతో తట్టారు. ఆ దండం దేవాలయపు పాత దూలం కలపతో చేసినదే. మరునాడు కొత్త కంచు బలిపీఠం వద్ద తొలి దివ్యబలిపూజ జరిగింది.

మేము వెళ్ళిననాడు ఆవరణలో బారులు తీరిన జనం ఉన్నా, వరుస చకచకా సాగింది. లోపల అడుగుపెట్టగానే నల్లని గోడలను ఊహించుకున్న మా కళ్ళకు లేత మీగడ రంగు రాయి ఎదురయింది. మా శ్రీమతి ఒక నిమిషం చుట్టూ చూచి, "ఇంత తెల్లగా ఉంటే ఎనిమిది వందల ఏళ్ళ గుడిలా లేదండీ, నిన్న కట్టినట్లుంది" అన్నది. "కట్టిననాడు ఇట్లాగే ఉండి ఉంటుంది కదా" అన్నాను. "మరి ఇన్నాళ్ళూ జనం మొక్కినది మసికి కాదుగా" అని నవ్వి, మరియమాత విగ్రహం వైపు నడిచి ఒక దీపం వెలిగించింది. ఆమె ప్రతి సంవత్సరం గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళివచ్చే పొరుగింటి వారి పేరున కూడా మరొకటి వెలిగించింది.

రాతి కప్పుకు పడిన రంధ్రం ఎక్కడిదో వెదికాను. తెలిసినవారు చూపితే గాని కనబడలేదు. దూలాల అడవి ఎట్లాగూ సందర్శకుల కంట పడదు. రెండువేల చెట్లు, లెక్కలేనన్ని గొడ్డలి వేట్లు – అంతా రాతి కప్పు వెనుక చీకటిలో ఉన్నది. ఆ చీకటిలోనే ఈసారి కొత్తవి కూడా కొన్ని ఉన్నాయి. వేడిని పసిగట్టే కెమెరాలు, మంచు తుంపర వలె నీరు చిమ్మే గొట్టాలు, మంట ఒక భాగం నుండి మరొక భాగానికి పోకుండా అడ్డుగోడలు అమర్చారు. పాత పద్ధతిని గౌరవించడమంటే పాత అజాగ్రత్తను కూడా కొనసాగించడం కాదని వారు గుర్తించారు.

మన వద్ద కూడా ఇటువంటి దుఃఖం తెలియనిది కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారి రథం ఒక రాత్రిలో దగ్ధమైంది. కొత్త రథం 2021 ఫిబ్రవరిలో భక్తుల ముందుకు వచ్చింది. రథం చేయగల వడ్రంగులు మన మధ్య ఇంకా ఉండబట్టే అది సాధ్యమైంది. కలప కాలుతుంది, రాయి పగులుతుంది. కొలతలు ఎక్కడో భద్రంగా ఉండి, పని తెలిసిన చేతులు తమ తరువాతి చేతులకు నేర్పి ఉంటే, కాలినది తిరిగి లేస్తుంది. మన ప్లాంట్లలో పాత డ్రాయింగుల బీరువాకు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో, రిటైరవుతున్న ఫిట్టరు చేతి నేర్పు ఎవరికి అందిందో ఒకసారి విచారించి చూచుకోవలసినది మనమే.

పారిస్ వెళ్ళే మిత్రులకు ఒక సూచన. దేవాలయ ప్రవేశానికి రుసుము లేదు. ముందుగా సమయం నమోదు చేసుకోవచ్చు, చేసుకోకపోయినా వరుసలో నిలబడి వెళ్ళవచ్చు. బురుజుల పైకి వెళ్ళే మార్గాన్ని 2025 సెప్టెంబరులో తిరిగి తెరిచారు. దానికి మాత్రం టిక్కెట్టు కొనాలి, 424 మెట్లు ఎక్కాలి. మోకాళ్ళు అనుమతిస్తే తప్పక ఎక్కండి. బయటికి వచ్చాక వెంటనే వెళ్ళిపోక, నది పక్కగా నడిచి దేవాలయం వెనుకకు వెళ్ళండి. మేము చూచినప్పుడు అక్కడ పరంజాలు ఇంకా నిలిచే ఉన్నాయి. విరాళాలలో మిగిలిన ధనంతో, మంటలతో సంబంధం లేకుండా కేవలం వయసు వల్ల శిథిలమైన రాళ్ళను బాగుచేస్తున్నారు. ఆ పనికి ఇంకా కొన్ని సంవత్సరాలు పడుతుంది.